మొజార్ట్ ‘ఆవే వేరుమ్ కోర్పుస్’ను నాలుగు వాద్యాలకు రాయడం: మాటలు తీసేశాక మిగిలే పని

చర్చి క్వయర్ (బృందగానం) కోసం రాసిన రచనను తీగ వాద్యాలకు మార్చమంటే చాలామంది చేసేది ఒకటే. నాలుగు గొంతులు పై నుంచి కిందికి, సొప్రానో మొదటి వయొలిన్‌కి, ఆల్టో రెండో వయొలిన్‌కి, టెనార్ వియోలాకి, బాస్ చెల్లోకి. కాపీ, పేస్ట్, ప్రింట్. ఒక్క స్వరం కూడా తప్పు పోదు, అయినా వాయిస్తే ప్రాణం ఉండదు. క్వయర్ సంగీతంలో సగం పని మాటలే చేస్తాయి. ఏ స్వరం మీద ఒత్తు పడాలి, ఏది తేలిపోవాలి, ఊపిరి ఎక్కడ, ఒకే స్వరం వరసగా రెండుసార్లు వస్తే రెండోది విడిగా ఎలా వినబడాలి అన్నవి రచయిత విడిగా గుర్తులు పెట్టి చెప్పడు, లాటిన్ అక్షరాలకే వదిలేస్తాడు. మాటలు తీసేస్తే ఆ పనంతా అరేంజర్ (రచనను వేరే వాద్యాలకు మార్చి రాసే మనిషి) మీద పడుతుంది. దాన్ని బో (కమాను) గుర్తుల్లో, స్లర్లలో (స్వరాలను ఒకే బోలో కలిపే వంపు గీతల్లో), ఊపిరి గుర్తుల్లో మళ్ళీ రాయాలి.

దీన్ని నేర్చుకోవడానికి మొజార్ట్ లాటిన్ ప్రార్థనా గీతం ‘ఆవే వేరుమ్ కోర్పుస్’ కన్నా మంచి రచన నాకు తెలీదు. మొజార్ట్ రచనల జాబితాలో దాని కోషెల్ సంఖ్య 618, చేతిప్రతి మీద తేదీ 1791 జూన్ 17. వియన్నా దగ్గరి బాడెన్ ఊళ్ళో చర్చి సంగీతం చూసుకునే మిత్రుడు ఆంటోన్ స్టోల్ కోసం, కోర్పుస్ క్రిస్తి పండుగకని రాశాడు. డి మేజర్, అడాజియో (నెమ్మది నడక), మొత్తం 46 బార్లు (తాళపు గడులు). నాలుగు గాత్రాలు, రెండు వయొలిన్ వరుసలు, వియోలా, బాస్, ఆర్గన్. డైనమిక్స్ (శబ్దం ఎంత గట్టిగా, ఎంత మెల్లగా) విషయంలో అతను రాసిందల్లా మొదట్లో ఒక్క ‘సొత్తో వోచే’, అంటే గొంతు తగ్గించి అని. అంత ఖాళీగా ఉన్న కాగితం కనబడగానే దాన్ని నింపాలనిపిస్తుంది. ఆ కోరికను అదుపులో పెట్టుకోవాలి.

ఇలా మార్చడం గౌరవం తక్కువ పని కాదు. 1600 ప్రాంతంలో ఇంగ్లండ్‌లో అచ్చయిన చాలా గాత్ర సంపుటాల ముఖపత్రం మీదే ‘గాత్రాలకైనా వయొల్ వాద్యాలకైనా’ అని ఉండేది. మొజార్ట్ రెక్వియమ్‌ను పీటర్ లిక్టెంథాల్ స్ట్రింగ్ క్వార్టెట్‌కి మార్చాడు. ఈ ‘ఆవే వేరుమ్’నే ఫ్రాంజ్ లిస్ట్ తన పియానో రచనలో వాడుకున్నాడు, దాన్ని ఆధారం చేసుకుని చైకోవ్‌స్కీ 1887లో ‘మొజార్టియానా’ సూట్‌లో ఆర్కెస్ట్రాకి రాశాడు.

ముందు స్కోరు (అన్ని వరుసలూ కలిపి ఉన్న ప్రతి) ఎలా పరుచుకోవాలో చూద్దాం. పైన క్వయర్ నాలుగు వరుసలు, వాటి కింద మొజార్ట్ తీగ వాద్యాల వరుసలు, ఆర్గన్ బాస్, అన్నిటికీ కింద మీ నాలుగు ఖాళీ వరుసలు. మ్యూజ్‌స్కోర్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఇది సులువే. క్వయర్ మాత్రమే ఉన్న పియానో రిడక్షన్ (పియానోకి కుదించిన ప్రతి) నుంచి పని మొదలుపెట్టకండి. గాత్రాలు రాకముందు రెండు బార్లు, మధ్యలో గాత్రాలు ఆగినప్పుడు వచ్చే చిన్న భాగం, చివర గాత్రాలు అయిపోయాక వచ్చే ముగింపు తీగ వాద్యాల సొంతం. వాటిని అసలు వరుసల నుంచి ఉన్నవున్నట్టు తీసుకోవాలి. గాత్రాలు పాడుతున్నంతసేపూ క్వయర్ వరుసలే మూలం. అక్కడ తీగ వాద్యాలు కొన్నిచోట్ల గాత్రాలనే అనుసరిస్తాయి, కొన్నిచోట్ల సందులు నింపుతాయి. ఎనిమిది వరుసల్ని నాలుగులోకి దించేటప్పుడు ఆ నింపే స్వరాలన్నీ ఇరికించాలని చూస్తే డబుల్ స్టాప్‌లు (ఒకేసారి రెండు తీగల మీద వాయించే స్వరాలు) పెరిగి, సొత్తో వోచే గాలికి పోతుంది. వదిలేయండి.

ఒక ఉచ్చు ఇక్కడే ఉంది. టెనార్ వరుస మొదట ఉండే ట్రెబుల్ క్లెఫ్ (స్వరాల ఎత్తును చెప్పే గుర్తు) కింద చిన్న 8 అంకె ఉంటుంది. రాసినదానికి ఒక స్థాయి కింద పలకాలని దాని అర్థం. వియోలా వరుసలోకి పేస్ట్ చేసేటప్పుడు ఆ 8 జారిపోతే వియోలా ఒక స్థాయి పైకి ఎక్కి, ఆల్టోని దాటి సొప్రానో పక్కన కూర్చుంటుంది. కార్డ్ (కలిసి పలికే స్వరాల గుంపు) పేరు మారదు కాబట్టి కంప్యూటర్ ప్లేబ్యాక్‌లో చెవికి వెంటనే పట్టుబడదు, కానీ మధ్యలో బోలుగా, పైన ఇరుగ్గా వినబడుతుంది. అందుకే వియోలా మొదటి స్వరాన్నీ టెనార్ మొదటి స్వరాన్నీ స్థాయితో సహా సరిపోల్చి గానీ ముందుకు వెళ్ళకూడదు. పాత ఎడిషన్లలో సొప్రానో, ఆల్టో, టెనార్ వరుసలు సి క్లెఫ్‌లలో ఉంటాయి. వాటి నుంచి ఎక్కిస్తున్నప్పుడు ఇదే జాగ్రత్త రెట్టింపు కావాలి.

వియోలా దొరకడం కష్టం. హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో వయొలిన్ వాయించేవాళ్ళు బోలెడు, వియోలా చేతిలో ఉన్నవాళ్ళు అరుదు. మూడో వయొలిన్‌తో సరిపెడదామంటే వయొలిన్ కింది హద్దు జి తీగ, అంటే మధ్య సి కింద ఉన్న జి. టెనార్ అంతకన్నా కిందికి పోతుంది. అలాంటి స్వరాలను ఒక స్థాయి పైకి ఎత్తితే ఆ ఒక్క చోట రాగరేఖ ఎగిరిపడినట్టు ఉంటుంది, పైగా ఆల్టోతో అడ్డదిడ్డంగా దాటుకుంటుంది. దీనికన్నా మంచి దారి క్లారినెట్. బి ఫ్లాట్ క్లారినెట్ పలికే కింది స్వరం మధ్య సి కి దాదాపు ఒక స్థాయి కిందున్న డి. టెనార్‌కి అది చాలు. కింది స్థాయిలో క్లారినెట్ గొంతు నిండుగా, మెత్తగా ఉంటుంది, వయొలిన్ల కింద బాగా కలుస్తుంది. రెండు వయొలిన్లు, క్లారినెట్, చెల్లో అనే కూర్పు ఈ రచనకి నాకు చాలా ఇష్టం. ఒక్క ఇబ్బంది ఏమిటంటే క్లారినెట్ రాసిన స్వరానికన్నా కింద పలుకుతుంది కాబట్టి డి మేజర్ బి ఫ్లాట్ క్లారినెట్‌కి ఇ మేజర్ అవుతుంది, నాలుగు షార్ప్‌లు. ఎ క్లారినెట్ ఉంటే ఒకే ఫ్లాట్‌తో ఎఫ్ మేజర్.

శ్రుతి మార్చాలా అంటే, తీగ వాద్యాలకి మార్చకండి. డి, ఎ తీగలు వాయించకపోయినా వాటంతట అవి కంపిస్తూ శబ్దానికి చుట్టూ వెలుగు ఇస్తాయి. అరస్వరం పైకి జరిపి ఇ ఫ్లాట్‌కి తీసుకెళ్తే అదంతా ఆరిపోతుంది. ఇత్తడి వాద్యాలకైతే అదే ఇ ఫ్లాట్ హాయి. అప్పుడు బి ఫ్లాట్ ట్రంపెట్‌కి ఎఫ్ మేజర్, ఎఫ్ హార్న్‌కి బి ఫ్లాట్ మేజర్ వస్తుంది. కానీ తీగ కంపిస్తుందని చెప్పి ఖాళీ తీగ మీదే వాయించడం వేరే సంగతి. సొప్రానో ప్రవేశించే మొదటి స్వరమే ఎ. దాన్ని ఖాళీ ఎ తీగ మీద వాయిస్తే పక్క స్వరాలకన్నా మొరటుగా బయటికి వస్తుంది. డి తీగ మీద నాలుగో వేలితో తీసుకోమని పార్ట్‌లో (ఆ వాద్యం ఒక్కదాని కాగితంలో) 4 అంకె రాసేయండి.

ఇక అసలు విషయం, మాటలు.

మొదట పార్టులన్నిటిలోనూ స్వరాల కింద లాటిన్ మాటలు పెట్టండి. వాద్యం వరుసలో కూడా సాఫ్ట్‌వేర్ లిరిక్స్ ఒప్పుకుంటుంది. తెలుగు లిపిలో రాసినా ఇబ్బంది లేదు, ఇంకా మేలు: ఆ-వే, వే-రుమ్ కోర్-పుస్, నా-తుమ్ దే మ-రీ-అ విర్-జి-నె. వాయించేవాళ్ళు ముందు ఒకసారి పాడాలి, గొంతు ఎలా ఉన్నా సరే. తర్వాత వాయిస్తే సగం సమస్యలు అడక్కుండానే సర్దుకుంటాయి.

స్లర్లకి మొదటి సూత్రం: ఒక అక్షరానికి ఒక స్లర్. ఒకే అక్షరం మీద మూడు స్వరాలు సాగితే మూడూ ఒకే బోలో. అక్షరం మారితే బో మారాలి, లేదా అదే బోలో స్వరం కొద్దిగా విడిపోయి మళ్ళీ అందుకోవాలి. ఈ రెండో దాన్నే పోర్టాటో అంటారు. స్లర్ లోపల ప్రతి స్వరానికీ చిన్న అడ్డగీత పెడితే చాలు. ఒకే స్వరం మీద రెండు మూడు అక్షరాలు వచ్చే చోట్లు ఆల్టో, టెనార్ వరుసల్లో ఎక్కువ. అక్కడ పోర్టాటో లేకుండా ఉత్త స్లర్ పెడితే స్వరాలన్నీ అతుక్కుపోయి ఒక పొడవాటి స్వరంగా మారతాయి. గాత్రంలో హల్లు చేసిన పని అక్కడ మాయమవుతుంది. ప్రతి స్వరానికీ బో మారిస్తే ఇంకో తప్పు, అన్నీ సమానంగా ఒత్తు పడి నడక బరువెక్కుతుంది.

రెండో సూత్రం ఒత్తు గురించి. ఈ ప్రార్థనలో వాక్యాల చివర్లు చూడండి: విర్జినె, ఓమినె, సాంగ్వినె, ఎక్సామినె. నాలుగింటిలోనూ ఒత్తు చివరి నుంచి మూడో అక్షరం మీద ఉంది. విర్- మీద బరువు, -జి- తేలిక, -నె ఇంకా తేలిక. తెలుగులో మనం పదం చివరి అచ్చును నిండుగా పలుకుతాం కాబట్టి ఆ అలవాటు ఇక్కడ తెలీకుండానే దూరుతుంది. వయొలిన్ మీద కూడా అంతే, పాదం చివర స్వరం వచ్చింది కదా అని నిండు బోతో నొక్కితే ‘విర్జినే’ అని అరిచినట్టు ఉంటుంది. విర్- ని డౌన్ బోలో (బోని లాగుతూ), మిగతా రెంటినీ అప్ బోలో (తోస్తూ) ఒకే ఊపులో తగ్గిస్తూ పెట్టండి. ఆ చోటికి డౌన్ బో రావాలంటే వెనక్కి లెక్కేసుకుంటూ రెండు మూడు బార్ల ముందు నుంచి బోలు సర్దాలి. నాలుగు పార్టుల్లోనూ ఈ చివరలకి బోలు ఒకే దిశలో ఉండాలి, అది తప్పనిసరి. మిగతా చోట్ల పార్టుకో దిశ ఉన్నా నష్టం లేదు.

బో సరిపోతుందా అనేది లెక్క వేసి చూసుకోవచ్చు. ఈ రచన మామూలుగా మూడు నిమిషాల ప్రాంతంలో నడుస్తుంది. 46 బార్లకు 180 సెకన్లు అంటే బారుకి సుమారు 4 సెకన్లు, హాఫ్ నోట్‌కి 2. ఒక బారు నిండా సాగే స్వరం ఒక బోలో హాయిగా సరిపోతుంది. రెండు బార్లు కలిపి కట్టిన స్వరం 8 సెకన్లు, మెత్తగా వాయిస్తున్నప్పుడు అది చివర్లో వణుకుతుంది. అక్కడ బో మారే చోటు ముందే నిర్ణయించి, ఏ ఇద్దరూ ఒకే క్షణంలో మార్చకుండా పార్టుల్లో వేర్వేరు బీట్ల మీద గుర్తు పెట్టండి. క్వయర్‌లో పక్కపక్కనున్న గాయకులు ఊపిరి వంతులవారీగా తీసుకుంటారు. పార్టుకి ఒక్కరే ఉన్నప్పుడు ఆ సౌకర్యం ఉండదు, అందుకే దాన్ని కాగితం మీద ఏర్పాటు చేయాలి.

సొత్తో వోచే అంటే బోని నొక్కి పట్టి వాయించడం కాదు. బో ఎక్కువ పొడవు, బరువు తక్కువ, తాకే చోటు బ్రిడ్జి నుంచి కొంచెం ఫింగర్‌బోర్డ్ వైపు. వైబ్రాటో సన్నగా. మ్యూట్ (శబ్దాన్ని మెత్తబరచడానికి బ్రిడ్జి మీద తగిలించేది) పెట్టే అరేంజర్లు ఉన్నారు. నాకు సమ్మతం కాదు. మ్యూట్ గొంతును తగ్గించదు, మారుస్తుంది, చివర్లో గొంతు పెంచాల్సి వచ్చినప్పుడు తీయడానికి సమయం కూడా ఉండదు.

కర్ణాటక పద్ధతిలో నేర్చుకున్న వయొలినిస్టులు ఈ క్వార్టెట్‌లో కూర్చుంటే రెండు విషయాలు ముందే చెప్పాలి. తీగలు స-ప-స-ప కాకుండా జి, డి, ఎ, ఇ లకు ఉండాలి. రెండోది ఇంకా సున్నితమైంది. రెండో ‘ఆవే’ దగ్గర సొప్రానో ఎ నుంచి జి షార్ప్‌కి, అక్కణ్ణుంచి జి నేచురల్‌కి దిగుతుంది. డి ని షడ్జమంగా పెట్టుకుంటే పంచమం, ప్రతి మధ్యమం, శుద్ధ మధ్యమం వరసగా. శంకరాభరణం అనుకుని వింటున్న చెవికి ఆ ప్రతి మధ్యమం చటుక్కున తగులుతుంది. అలవాటు పడ్డ చెయ్యి దాన్ని జారుతో కలిపేస్తుంది. కలపకూడదు. ఒక్కో స్వరం కదలకుండా నిలబడి, తర్వాతి దానికి శుభ్రంగా మారాలి. ఈ రచన మొత్తంలో మనసును మొదట తాకే చోటు అదే. అక్కడ గమకం వస్తే కింది మూడు స్వరాలతో కార్డ్ కుదరదు.

శ్రుతి చెడే రెండో చోటు ‘కూయుస్ లాతుస్’ దగ్గర మొదలయ్యే భాగం. సంగీతం ఎఫ్ మేజర్ వైపు తిరుగుతుంది. అంతవరకూ ఎఫ్ షార్ప్‌కి అలవాటైన వేళ్ళు ఎఫ్ నేచురల్‌ని, సి షార్ప్‌కి అలవాటైనవి సి నేచురల్‌ని తగినంత కిందికి దించవు. స్వరాలు పైపైనే ఆగిపోతాయి. ఈ బార్లని విడిగా తీసి, చెల్లో ఒక్కటే పట్టుకుని నిలబడితే మిగతా ముగ్గురూ దాని మీద ఒక్కొక్కరుగా చేరేలా సాధన చేయించండి.

దీనికి సంబంధించిందే కీబోర్డ్ సంగతి. అసలు రచనలో ఆర్గన్ ఉంది కదా అని చాలామంది కీబోర్డ్ కలుపుతారు. కీబోర్డ్ మీద మేజర్ థర్డ్ (డి నుంచి ఎఫ్ షార్ప్ లాంటి దూరం) శుద్ధమైన దానికన్నా సుమారు 14 సెంట్లు ఎక్కువ, సెంటు అంటే అరస్వరంలో నూరో వంతు. నలుగురే వాయిస్తున్నప్పుడు డి కార్డ్‌లో ఎఫ్ షార్ప్ పట్టుకున్నవాళ్ళు దాన్ని కొంచెం దించితే కార్డ్ ఒక్కసారిగా కుదురుకుంటుంది. కీబోర్డ్ పక్కన ఉంటే దించినా తప్పే, దించకపోయినా తప్పే. కలపక తప్పకపోతే ఎడమ చేతి బాస్ ఒక్కటే ఇవ్వండి, కార్డులు వద్దు.

‘ఎస్తో నోబిస్’ దగ్గర మొజార్ట్ గాత్రాలను రెండు జంటలుగా విడగొట్టాడు. సొప్రానో, ఆల్టో ముందు వెళ్తే టెనార్, బాస్ ఒక బారు వెనక అదే మాటతో అనుసరిస్తాయి. క్వయర్‌లో మగ గొంతుల రంగు వేరు కాబట్టి ఆ జవాబు దానంతటదే తెలిసిపోతుంది. క్వార్టెట్‌లో వయొలిన్ల వెనక వియోలా, చెల్లో అణిగిపోతాయి, జవాబు తోడుగా మారిపోతుంది. నేనైతే ఇక్కడ వయొలిన్లకి ఏమీ రాయను, వియోలా, చెల్లోలకి మాత్రం ప్రవేశించే చోట ఒక మెట్టు ఎక్కువ డైనమిక్ రాస్తాను. ఆ మాట మొదటి అక్షరం ‘ఎస్-’ మీద డౌన్ బో. చివర్లో ‘ఇన్ మోర్తిస్’ రెండోసారి వచ్చినప్పుడు పైకి లేచే ఊపు సంగీతంలోనే ఉంది. దానికి ఒక్క క్రెషెండో (క్రమంగా పెంచు) గుర్తు చాలు.

గాలి వాద్యాల కూర్పుకు కొన్ని మాటలు. ఫ్లూట్‌కి సొప్రానో ఇస్తే మధ్య సి పై స్థాయిలోనే ఎక్కువసేపు తిరగాలి. ఫ్లూట్ అక్కడ బలహీనం, కింద ఉన్న క్లారినెట్ దాన్ని మింగేస్తుంది. ఒక స్థాయి పైకి ఎత్తితే వినబడుతుంది కానీ ఆల్టోకీ దానికీ మధ్య పెద్ద ఖాళీ పడుతుంది. ఓబో ఇస్తే మెలోడీ నిలబడుతుంది, కాకపోతే ఓబో కింది స్వరాలు మెత్తగా పలకవు. ఆల్టో ఎక్కువగా తిరిగే ఎఫ్ షార్ప్, జి స్వరాలు బి ఫ్లాట్ క్లారినెట్‌లో సరిగ్గా డొల్లగా పలికే చోట పడతాయి. ఎ క్లారినెట్‌లోనూ పెద్దగా తేడా రాదు. బసూన్ టెనార్‌కైనా బాస్‌కైనా చక్కగా కుదురుతుంది. ఊపిరి గుర్తులు కామాలు ఉన్న చోటే పెట్టండి, మాట మధ్యలో ఎప్పుడూ వద్దు. ‘ఇమ్మోలాతుమ్’ మధ్యలో ఊపిరి పీలిస్తే మాటలు తెలీని శ్రోతకి కూడా రాగం విరిగినట్టు తెలుస్తుంది.

ఇదే పద్ధతి వేరే రచనలకి తీసుకెళ్ళేటప్పుడు ఒక్కోదానికి ఒక్కో జాగ్రత్త. విలియం బర్డ్ 1605లో అచ్చు వేయించిన ‘ఆవే వేరుమ్’ కూడా నాలుగు గాత్రాలదే. అందులో మొదట్లోనే పై గాత్రంలో ఎఫ్ షార్ప్, వెంటనే బాస్‌లో ఎఫ్ నేచురల్ వస్తాయి. అచ్చు తప్పు అనుకుని దిద్దేవాళ్ళు ఉన్నారు. అది బర్డ్ కావాలని పెట్టిన ఒరిపిడి, తాకకండి. పాలెస్ట్రీనా ‘సీకుత్ చెర్వుస్’లో మొదట వచ్చేది టెనార్, ఆ తర్వాత ఆల్టో, సొప్రానో, బాస్. వియోలా ఒంటరిగా మొదలుపెట్టాలి కాబట్టి నలుగురిలో స్థిరమైన చెయ్యి అక్కడ ఉండాలి. బార్ గీతలు తర్వాతి కాలపు సంపాదకులు గీసినవి, ప్రతి బార్ మొదట ఒత్తు వేస్తే అల్లిక చిరిగిపోతుంది. బ్రూక్నర్ 1869లో రాసిన ‘లోకుస్ ఇస్తే’ మధ్య భాగంలో బాస్ పాడదు, పై మూడు గాత్రాలే ఉంటాయి. చెల్లో ఖాళీగా ఉంది కదా అని ఏదో ఒక స్వరం రాసిపెట్టే అరేంజ్‌మెంట్లు చూస్తే బాధేస్తుంది. నేల లేకుండా తేలే ఆ భాగం అయ్యాక బాస్ తిరిగి వచ్చినప్పుడు కలిగే భద్రతే ఆ రచనలో ముఖ్యం. ముగింపుకి ముందు అందరూ ఆగే నిశ్శబ్దం కూడా ఉంది. ప్రతిధ్వని లేని గదిలో అది భయపెడుతుంది, అయినా లెక్క తగ్గించొద్దు.

పార్టులు ప్రింట్ చేసేటప్పుడు 46 బార్లు ఒక ఎ4 పేజీలో సరిపోతాయి, పేజీ తిప్పే పని ఉండదు. ప్రతి లైను మొదట బార్ నంబర్, ‘వేరే పస్సుమ్’, ‘కూయుస్’, ‘ఎస్తో నోబిస్’ మొదలయ్యే చోట రిహార్సల్ అక్షరాలు. మూలం కోసం ఐఎమ్‌ఎస్‌ఎల్‌పీ, సీపీడీఎల్ అనే స్వరలిపి సైట్లలో పాత ఎడిషన్లు దొరుకుతాయి. మొజార్ట్ మీద ఎవరి హక్కూ లేదు, కానీ కొత్త సంపాదకుడు తయారు చేసిన ఎడిషన్ మీద ఉండొచ్చు. పెన్సిల్‌తో బోలు మార్చుకున్న మొదటి రిహార్సల్ పార్టులను పారేయకుండా వెనక్కి తీసుకుని, ఆ మార్పులన్నీ స్కోరులోకి ఎక్కించండి. ముగ్గురు ఒకే చోట బో మార్చుకుని ఉంటే అక్కడ మీ స్లర్ అక్షరానికి సరిపోలేదన్నమాట. ఆ బారులో క్వయర్ వరుస మళ్ళీ తెరిచి, ఏ అక్షరం ఏ స్వరం మీద మొదలైందో చూడండి.